నోరు విప్పని పిల్లకి ఎన్ని మార్కులు?

ప్రశ్న: మాస్టారూ, ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతున్నాను. సీబీఎస్ఈ సిలబస్. క్లాసులో 42 మంది. సగం మంది ఇళ్ళల్లో తెలుగు, మిగతావాళ్ళలో ఎక్కువమంది ఒడియా, ఏడెనిమిది మంది సవర గిరిజన పిల్లలు. ఇంటర్నల్ మార్కుల్లో ‘మల్టిపుల్ అసెస్‌మెంట్’కి ఉండే 5 మార్కులు ఈ ఏడాది క్లాసు చర్చకి ఇమ్మన్నారు ప్రిన్సిపాల్‌గారు. పిల్లల క్రిటికల్ థింకింగ్ చూసి వెయ్యమన్నారు. వేశాను. ముందు బెంచీల అబ్బాయిలు ఐదుగురికి 5 చొప్పున వచ్చాయి. రాతపరీక్షలు చక్కగా రాసే ఒకమ్మాయికి 1 వేశాను, టర్మంతా నోరు విప్పలేదని. వాళ్ళమ్మ వచ్చి ‘మా గుంటకి బుర్ర నేదా మేడం?’ అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. ఆలోచనని ఎలా కొలవాలి? మాట్లాడని పిల్లల్ని ఏం చెయ్యాలి? ఇంగ్లీషు వదిలేసి ఇంటిభాషలో మాట్లాడితే మార్కులు తగ్గించాలా? పైగా నాకున్నది 40 నిమిషాల పీరియడు.

సమాధానం:

అమ్మా,

రాతపరీక్షలో 1 వేస్తే పేపరు తీసి తల్లి ముందు పెడతాం. ‘ఇదిగో, ఇక్కడ తప్పు రాసింది’ అని వేలుపెట్టి చూపిస్తాం. చర్చలో వేసిన 1కి మీరు చూపించడానికి ఏమీ లేదు. రిజిస్టర్లో పేరు పక్కన అంకె ఉంది, ఆ అంకె వెనక ఒక్క మాట లేదు. అందుకే ఆవిడ ముందు మీకు మాట రాలేదు. నా సలహా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. పిల్ల ఆలోచించిందనడానికి ఆనవాలు, ఆ పిల్ల సొంత మాటల్లో, కాగితం మీదకి రావాలి. అది చేతికందే వరకు మార్కు వెయ్యకండి.

ఈ పొరపాటు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను. ఎప్పుడో కుర్రతనంలో చేసింది కాదు, రిటైరయ్యే ముందు చేశాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ మరుసటి ఏడు. నేను పనిచేసిన స్కూల్లో తుఫానుల పాఠం చెబుతూ ‘తుఫాను వల్ల నష్టాలేమిటి?’ అని అడిగాను. చేతులు లేచాయి. ఉద్దానంలో కొబ్బరిచెట్లు పడిపోయాయన్నారు, కరెంటు పోయిందన్నారు, పడవలు కొట్టుకుపోతాయన్నారు. క్లాసు భలే జరిగిందనుకున్నాను. వెనక బెంచీలో ఒక సవర కుర్రాడు తలొంచుకుని కూర్చున్నాడు. వాడి పేరు పక్కన సున్నా పెట్టాను.

రెండు వారాల తర్వాత నోట్సులు దిద్దుతుంటే వాడి పుస్తకంలో పేజీ కింద, పెన్సిలుతో, మాటలు తెలుగువి అక్షరాలు ఒడియావి, ఇలా ఉంది: ‘తుఫాను సముద్రం పక్క ఊళ్ళకి అని పుస్తకంలో ఉంది. మన జిల్లాకి సముద్రం లేదు. మరి మా కొండ ఎందుకు జారింది? పోడు కొట్టిన కొండే జారిందా, అడవి ఉన్న కొండ కూడా జారిందా?’

ఈ నాలుగు వాక్యాల్ని మీరు నెమ్మదిగా చదవండి. పాఠం చెప్పినదాన్ని తను కళ్ళారా చూసినదాని పక్కన పెట్టి చూశాడు. రెంటికీ పొంతన కుదరలేదని పట్టుకున్నాడు. నిజమే, గజపతి జిల్లాకి తీరమే లేదు, అయినా తిత్లీ వానలకి కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. తర్వాత వాడొక కారణం ఊహించాడు, పోడు అని. ఊహించి ఊరుకోలేదు. ఆ ఊహ నిజమో కాదో తేల్చుకోవాలంటే ఏం చూడాలో కూడా చెప్పాడు: రెండు రకాల కొండల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. పెద్ద చదువులు చదివినవాళ్ళు చేసే పని ఇదే. ఆ పిల్లాడికి నేను సున్నా వేశాను, ‘కరెంటు పోతుంది సార్’ అన్నవాడికి 5 వేశాను.

తప్పు సగం నా ప్రశ్నలోనే ఉంది. ‘నష్టాలేమిటి’ అంటే పిల్లలు జాబితా చెబుతారు. జాబితాకి జ్ఞాపకం చాలు, ఆలోచనతో పని లేదు. అందుకని ఎలా కొలవాలి అని నన్ను అడిగే ముందు, క్లాసులో ఏం అడిగారో ఒకసారి చూసుకోండి. పుస్తకంలో వేలుపెట్టి చూపించగల జవాబున్న ప్రశ్న మీద చర్చ పెడితే, ఎంత మంచి కొలబద్ద పట్టుకున్నా కొలవడానికి అక్కడేమీ దొరకదు.

మన ప్రాంతంలో మంచి ప్రశ్నలకి కరువు లేదు. వంశధారనే తీసుకోండి. ఒడిశా కొండల్లో పుట్టి, మన జిల్లా దాటి, శ్రీకాకుళం జిల్లాలోకి దిగి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. 115 టీఎంసీల నీళ్ళు రెండు రాష్ట్రాలకీ చెరిసగం అని లెక్క. ఆ నది మీద కట్టాలన్న నేరడి బ్యారేజీ గొడవ మీద 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పిచ్చారు. మీ క్లాసులో సగం మందికి మేనమామలో మేనత్తలో ఆంధ్రా వైపు పాతపట్నంలోనో హిరమండలంలోనో ఉంటారు. ‘నది పుట్టింది మన దగ్గర, మరి సగం నీళ్ళు కిందివాళ్ళకి ఇవ్వడం న్యాయమేనా? ఏ లెక్కన?’ అని అడిగి చూడండి. తెలుగు పిల్లల్ని ఒడిశా వైపు, ఒడియా పిల్లల్ని ఆంధ్రా వైపు వాదించమనండి. ఇంట్లో విన్నదాన్ని అప్పజెప్పడానికి అప్పుడు వీలుండదు.

ఇక కొలత సంగతి. క్రిటికల్ థింకింగ్ అనే మాటని నేను నిలదీసి ఆలోచించడం అనుకుంటాను. ఎదుటివాడి మాటనే కాదు, తన మాటని కూడా నిలదియ్యాలి. వంశధార మీద ఒకడు ‘నీళ్ళు మావి’ అంటాడు. అది ఇష్టం చెప్పడమే. ఇంకొకడు ‘నది మన కొండల్లో పుట్టింది కాబట్టి మావి’ అంటాడు. ఇప్పుడు కారణం వచ్చింది, ఒక మెట్టు ఎక్కాడు. ‘1962లోనే రెండు రాష్ట్రాలూ సగం సగమని ఒప్పుకున్నాయి, ఇప్పుడు కాదంటే ఎలా?’ అన్న పిల్ల చేతిలో ఆధారం ఉంది. అప్పుడు ఏ మూల నుంచో ఒకరు లేచి, ‘పుట్టినచోటే హక్కయితే మహానది ఛత్తీస్‌గఢ్‌లో పుట్టింది కదా, వాళ్ళు ఆపేస్తే కటక్ వాళ్ళేం తాగుతారు?’ అంటారు చూడండి, అక్కడ మీ పెన్ను ఆగిపోవాలి. ఆ పిల్ల ఒక సూత్రాన్ని తనకి లాభించే చోటినుంచి తీసి, నష్టం చేసే చోట పెట్టి చూసింది. ఒక నెలలో ఇలాంటి మాట ఒక్కటి పడినా ఆ నెల మీ కష్టం ఊరికే పోలేదు.

నేనైతే ఆ 5 మార్కుల్ని ఇలా పంచుతాను: కారణం, ఆధారం చూపినందుకు 2. తోటివాళ్ళ మాట విని, దాన్ని పట్టుకుని ముందుకెళ్ళినందుకు 2. మంచి ప్రశ్న వేసినందుకు 1. ఎంతసేపు మాట్లాడారు, ఎంత గట్టిగా మాట్లాడారు, ఎన్నిసార్లు చెయ్యెత్తారు, వీటికి ఏమీ లేదు. ఈ పంపకాన్ని పిల్లలకి ముందే బోర్డు మీద రాసి చెప్పండి, పైన చెప్పినలాంటి నాలుగు ఉదాహరణలతో సహా. దేనికి మార్కో తెలియకుండా పరీక్ష పెట్టకూడదు కదా.

ఇందులో రెండోదాని గురించి, అంటే తోటివాళ్ళ మాట వినడం గురించి, కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అది అన్నిటికన్నా కష్టం. మన ఊళ్ళలో ‘మాట మీద నిలబడ్డాడు’ అంటే పొగడ్త, ‘మాట మార్చాడు’ అంటే తిట్టు. ఇచ్చిన మాట విషయంలో అది న్యాయమే. చర్చలోకి కూడా పిల్లలు అదే తెచ్చుకుంటారు. పక్కవాడు చెప్పింది సబబే అని లోపల తెలిసినా, మొదట అన్నదాన్నే పట్టుకుని వేలాడతారు. ఒకడు ధైర్యం చేసి ‘వాడన్నది విన్నాక నాకు వేరేలా అనిపిస్తోంది’ అంటే క్లాసంతా ‘ప్లేటు ఫిరాయించాడ్రోయ్’ అని నవ్వుతుంది. ఆ నవ్వుని మీరు మొదటి రోజే ఆపాలి. ఆపడానికి మంచి మార్గం మీరే ఒకసారి అలా చెయ్యడం. ‘నువ్వు చెప్పేదాకా నాకు ఈ సంగతి తట్టలేదు, నేననుకున్నది సరిదిద్దుకుంటున్నాను’ అని పిల్లాడి పేరుపెట్టి, నిజంగా సరిదిద్దుకున్నప్పుడే, చెప్పండి. టీచరు నోట ఆ మాట విన్న క్లాసు మారుతుంది.

ఇప్పుడు మీ అసలు బాధ, నోరు విప్పని పిల్ల. దీనికి నాకు పనికొచ్చింది రెండు చీటీలు. చర్చ మొదలుపెట్టక ముందు ప్రతి పిల్లా ఒక చీటీ మీద తన అభిప్రాయం, ఒక్క కారణం రాయాలి. ఐదు నిమిషాలు. చర్చ అయ్యాక రెండో చీటీ: ‘ఇప్పుడేమనుకుంటున్నాను, ఎవరి మాట వల్ల, ఇంకా ఏం తెలియాలి’. మళ్ళీ ఐదు నిమిషాలు. ఆ రెండు చీటీల మధ్య జరిగిన ప్రయాణమే మీకు కావలసినది. నోరు విప్పకుండానే ఎంత దూరం వెళ్ళిందో అందులో కనిపిస్తుంది. వినడం కూడా పాల్గొనడమే అని మాటవరసకి అందరం అంటాం. ‘ఫలానావాడి మాట విన్నాక మనసు మార్చుకున్నాను’ అని చీటీలో రాసిన పిల్ల దాన్ని రుజువు చేసినట్టే.

అలాగని ఆ అమ్మాయిని నాలుగేళ్ళూ చీటీల వెనకే ఉండనివ్వమని కాదు. మాట్లాడటం నేర్పడం కూడా మన పనే. కానీ ఎందుకు మాట్లాడటం లేదో ముందు కనుక్కోండి. అబ్బాయిలు నవ్వుతారనా? పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని ఇంట్లో నేర్పారా? ఇంగ్లీషు భయమా? ఒక్కోదానికి ఒక్కో మందు. మొదట పక్క పిల్లతో మూడు నిమిషాలు, గుసగుసగా, ఇంటిభాషలో మాట్లాడనివ్వండి. తర్వాత ‘మీరిద్దరూ ఏమనుకున్నారు?’ అని అడిగితే, ‘నేను’ అనలేని పిల్ల ‘మేము’ అనగలుగుతుంది.

అడిగాక ఆగడం కూడా ముఖ్యమమ్మా. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త 1970ల్లో క్లాసుల రికార్డింగులు విని తేల్చిందేమంటే, టీచర్లు ప్రశ్న అడిగి సుమారు ఒక్క సెకను ఆగుతున్నారు, అంతే. మూడు సెకన్లు ఆగిన చోట పిల్లల జవాబులు పొడుగయ్యాయి, అంతవరకు మాట్లాడనివాళ్ళు మాట్లాడారు. అదీ సొంతభాషలో చదువుకునే పిల్లల సంగతి. మీ ఇంగ్లీషు ప్రశ్న సవర పిల్లాడి బుర్రలో ఒడియాలోకి వెళ్ళి, సవరలోకి వెళ్ళి, జవాబు మళ్ళీ అంత దూరం తిరిగి రావాలి. నేనైతే మనసులో పది లెక్కపెట్టేవాణ్ణి. మొదట్లో ఆ పది చాలా పొడుగ్గా అనిపిస్తాయి, క్లాసు చెయ్యిజారిపోతోందేమోనని భయం వేస్తుంది. ఆగండి.

చీటీల విషయంలో ఒక జాగ్రత్త. ఆ సవర కుర్రాడి వాక్యాలు చదివిన ఆనందంలో మర్నాడు వాడినడక్కుండా క్లాసులో పైకి చదివేశాను. మెచ్చుకుందామనే చదివాను. ఒడియా అక్షరాల్లో తెలుగు రాశాడని తెలిసి పిల్లలు పకపకా నవ్వారు. ఆ ఏడాది వాడి పుస్తకంలో పేజీ కింద మళ్ళీ ఏమీ కనిపించలేదు. అందుకని ముందు పిలిచి అడగండి: ‘నీ చీటీ చదవనా? పేరు చెప్పనా, వద్దా?’ వద్దంటే వద్దు.

భాష గురించి అడిగారు. ఒక్క మార్కు కూడా తగ్గించకండి. ఇంగ్లీషు ఎంత వచ్చో చూసుకోవడానికి ఇంగ్లీషు టీచరు ఉన్నారు, పరీక్ష ఉంది. మీరు చూస్తున్నది ఆలోచన. దాన్ని ఏ భాషలో చెప్పినా వినండి. ఇది ఎక్కడినుంచో తెచ్చుకున్న కొత్త మాట కాదు, మన జిల్లా కేంద్రం పర్లాకిమిడి మాటే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో అక్కడి బడిలో మాస్టరుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల కోసం వాళ్ళ భాష నేర్చుకుని, అందులో పాఠాల పుస్తకాలు రాసి, నిఘంటువు, వ్యాకరణం కట్టి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించే పనికి పూనుకున్నారు. నోటితో మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడింది కూడా ఆయనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని జరుపుకుంటాం. ఆ గడ్డ మీద పాఠం చెబుతూ, ఇంటిభాషలో ఆలోచించినందుకు పిల్లకి మార్కు కొయ్యడం నాకు మనసొప్పదు. మీకు సవర రాకపోతే ఆ భాష వచ్చిన మరో పిల్లని తర్జుమా చెయ్యమనండి. చేసిన పిల్లకి ‘తోటివాళ్ళ మాట విన్నందుకు’ అన్న లెక్కలో మార్కు రాసుకోండి. ఇంకొకరి ఆలోచనని చెడకుండా చెప్పడం చిన్న పనేం కాదు.

ముందు బెంచీ అబ్బాయిల నోరు నొక్కెయ్యకండి. వాళ్ళ తప్పేం లేదు, మాట్లాడితే మార్కు అన్నాం, మాట్లాడారు. వాళ్ళకి పని మార్చండి. ‘ఇప్పటిదాకా అవతలివాళ్ళు చెప్పినదాన్ని వాళ్ళు ఔననేలా చెప్పు, ఆ తర్వాతే నీ మాట’ అనండి. మొదటి రెండుసార్లు తడబడతారు, ఎందుకంటే వాళ్ళు వినడం లేదు. మూడోసారికి వింటారు.

42 మందిని ఒకేసారి చూడలేరు, చూడాలని ప్రయత్నించకండి. ఒక చర్చకి ఆరుగురిని మాత్రం గమనించండి, ఆ ఆరుగురెవరో వాళ్ళకి చెప్పకండి. ఏడు చర్చల్లో క్లాసు పూర్తవుతుంది. రెండు వారాలకొక చర్చ పెడితే టర్ముకి సరిపోతుంది. చేతిలో కూర్చునే వరసల బొమ్మ గీసిన కాగితం ఒకటి ఉంచుకోండి. ఎవరు ఎవరి మాటకి జవాబిస్తే వాళ్ళిద్దరి మధ్య ఒక గీత. అమెరికాలో ఎక్సెటర్ అనే ఊళ్ళో ఒక స్కూలుకి 1930లో హార్క్‌నెస్ అనే దాత ఇచ్చిన డబ్బుతో డజనుమంది పిల్లల్ని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి చదువు చెప్పడం మొదలుపెట్టారు. ఈ గీతల పద్ధతి ఆ బల్లల దగ్గర బాగా వాడుకలో ఉంది. మనకి ఆ బల్లా లేదు, డజను పిల్లలూ కాదు, కానీ కాగితం, పెన్సిలు ఉన్నాయి. నేను మొదటిసారి గీసినప్పుడు గీతలన్నీ నా బల్ల దగ్గరికే వచ్చాయి. పిల్లకీ పిల్లకీ మధ్య ఒక్కటి లేదు. అది చర్చే కాదని, నాతో వాళ్ళు ఒక్కొక్కరూ మాట్లాడిన మాటలని అప్పుడు కళ్ళకి కట్టింది.

మీ 40 నిమిషాలు ఇలా గడపచ్చు: మొదటి చీటీకి ఐదు, పక్కవాళ్ళతో మాటకి మూడు, చర్చకి ఇరవై, రెండో చీటీకి ఐదు. హాజరుకీ సర్దుకోవడానికీ మిగిలిన ఏడు. మొదటి నెల మార్కులు వెయ్యకండి, అలవాటు కానివ్వండి. టర్ము చివర సగటు తీయకుండా, పిల్ల రాసిన చీటీల్లో మంచి మూడు జతలు ఎంచి వాటి మీద వెయ్యండి. నిద్రలేక వచ్చిన రోజు, ఒంట్లో బాగాలేని రోజు పిల్లలకీ ఉంటాయి. ప్రిన్సిపాల్‌గారు అడిగితే, 2020 జాతీయ విద్యావిధానం ప్రోగ్రెస్ కార్డులో పిల్లలు తమని తాము అంచనా వేసుకోవడం, తోటిపిల్లలు అంచనా వెయ్యడం కూడా ఉండాలందని చెప్పండి. రెండో చీటీ ఆ మొదటి పనే చేస్తోంది.

ఇక ఆ తల్లి. వేసిన మార్కుని గుట్టుగా పెంచెయ్యకండి. ముందు ప్రిన్సిపాల్‌గారికి చెప్పండి, ‘ఈ మార్కులకి నా దగ్గర ఆధారం లేదు, ఆ ఐదుగురివీ ఈ అమ్మాయిదీ అన్నీ మళ్ళీ వేస్తాను’ అని. తర్వాత ఆవిడకి కబురుపెట్టి, నేను కొలిచిన పద్ధతి తప్పమ్మా అని మీ నోటితోనే చెప్పండి. ఆవిడ ఇంగ్లీషు చదవలేకపోవచ్చు, కాబట్టి పిల్ల రాసిన చీటీలు ఆవిడ ముందు పెట్టి, పిల్ల సరేనంటే, మీరే తెలుగులో చదివి వినిపించండి. వంశధార ప్రశ్న మీద ఈ సోమవారమే మొదటి చీటీ రాయించండి. ఆ అమ్మాయి ఏం రాసిందో నాకూ చెప్పండి, మీకూ ఆ పిల్లకీ అభ్యంతరం లేకపోతేనే.